ఇంటిపేరు అడగని నెత్తురు

నా పెద్ద మనవరాలిని తొట్లెలో వేసిన రోజునే దానికి మొగుణ్ణి చూపించారు. చూపించింది నా మేనల్లుడు, అంటే మా అన్న కొడుకు. అప్పటికి వాడి కొడుక్కి నడక కూడా సరిగా రాలేదు. వాణ్ణి చంకన వేసుకుని వచ్చి, తొట్లె తాడు చేతికిచ్చి, "ఊపురా, నీ పెండ్లామే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాలో వరసైన పిల్లలు పుడితే అలాగే అంటారు. ఆ తరువాత ఏ పెళ్లిలో కలిసినా, ఏ పండక్కి కలిసినా అదే మాట. పిల్ల కొత్త బట్ట కట్టుకుంటే మొగుడు చూశాడా అంటారు. పిల్లవాడు మారాం చేస్తే నీ పెండ్లాం వడ్డిస్తేనే తింటావా అంటారు. పిల్లలకు ఆ మాటల అర్థం తెలిసే వయసు వచ్చేసరికి, కాదనే వయసు దాటిపోయి ఉంటుంది.

నవ్వులాటగా మొదలైన మాట దసరా నాడు గట్టిపడుతుంది. జమ్మి పంచుకునేటప్పుడు పిల్లవాడి తండ్రి వచ్చి, పెద్దల ముందు పిల్ల తండ్రి చేతిలో ఆకు పెట్టి మాట తీసుకుంటాడు. పెళ్లి ఎన్నాళ్ల తరువాతైనా కానీ, ఆ రోజు నుంచి పిల్ల వాళ్లది.

నా కొడుక్కి, కోడలికి అలాగే అయింది. నా కోడలు మా అన్న కూతురు. మా అమ్మ బతికుండగా అనుకున్న సంబంధం. కాబట్టి నా కోడలి పుట్టిల్లూ నా పుట్టిల్లూ ఒకటే. మా అన్న పోయాక ఆ ఇంటికి మేనల్లుడే పెద్ద. మేం ఉండే సోలాపూరులోనే, కుంఠా నాకా దగ్గర వాడికి సొంత సాంచలు ఉన్నాయి. మరమగ్గాలను మేం సాంచలంటాం. నా కొడుకు టవళ్లు నేసేది వాటి మీదే. ఇవన్నీ ముందే చెబుతున్నాను, ఎందుకంటే నేను ఎవరితో తలపడ్డానో తెలియకపోతే తక్కినది అర్థం కాదు.

నా చిన్న మనవరాలు పుట్టి ఏడాది నిండకముందే పాలిపోయింది. పెదవులు కాగితంలా తెల్లబడ్డాయి. దిష్టి తీశాం, బెల్లం, ఆకుకూర తినిపించాం. చివరికి సర్కారు దవాఖానాలో పేరు తెలిసింది: తలసీమియా. ఒంట్లో నెత్తురు నిలవదు. నెల తిరగకుండా ఎవరిదో నెత్తురు ఎక్కించాలి. ఎక్కించిన నెత్తురు వల్ల చేరే ఇనుమును తీయడానికి వేరే మందు. అది మాకు ఇప్పుడు అలవాటైన పని. చిన్నది మంచం మీద పడుకుని, సూది గుచ్చే నర్సుతో బేరం ఆడుతుంది, ఈ చేతికి కాదు ఆ చేతికి అని.

చిన్నది బడికి పోయే వయసుకు వచ్చాక, మా ఇంట్లో ఎవరికీ లేని జబ్బు దీనికెలా వచ్చిందని డాక్టరమ్మను అడిగాను. ఆమె మరాఠీలో ఓపికగా చెప్పింది. నా బడి నాలుగో తరగతితో ఆగింది, అదీ తెలుగు బడి. మొదటిసారి చెప్పినప్పుడు తల ఊపి వచ్చేశాను, ఏమీ అర్థం కాలేదు. తరువాతిసారి మళ్లీ అడిగాను. ఆమె కాగితం మీద గుండ్రాలు గీసింది. ఆ తరువాతిసారి మళ్లీ అడిగాను. విసుక్కోలేదు, అది ఆమె గొప్ప. తల్లి దగ్గర నుంచి ఒకటి, తండ్రి దగ్గర నుంచి ఒకటి బిడ్డకు వస్తాయి. ఒకటి చెడ్డదైనా రెండోది కాస్తుంది, మనిషి మామూలుగా బతికేస్తాడు, తనలో ఉందని కూడా తెలియదు. రెండు వైపుల నుంచీ చెడ్డదే వస్తేనే జబ్బు. అప్పుడు నాకు పేనిన దారం గుర్తొచ్చింది. టవలు పడుగుకు రెండు పోగులు కలిపి పేనిన దారం వాడతారు. ఒక పోగు సన్నమైనా రెండోది మోస్తుంది. రెండూ సన్నమైతే సాంచ ఆడగానే తెగుతుంది. ఆమెతో ఆ మాటే అన్నాను. "అదే అజ్జీ, అదే" అంది, మరాఠీలో అవ్వను అలాగే పిలుస్తారు. ఆమె తన పుస్తకంలో ఆ మాట రాసుకోలేదు గానీ నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడే ఇంకొకటి కూడా చెప్పింది. పెద్ద పిల్లలో కూడా ఒక చెడ్డ పోగు ఉండవచ్చు, పెళ్లికి ముందు పరీక్ష చేయించండి, అబ్బాయికీ చేయించండి, ముఖ్యంగా మీలో మీరే చేసుకునే వాళ్లయితే.

ఆ ఏడు నా పెద్ద మనవరాలు తొమ్మిదో తరగతి. వచ్చే దసరాకు మాట తీసుకుంటానని మేనల్లుడు అప్పటికే నలుగురిలో అనేశాడు.

నా కొడుక్కి చెప్పాను. వాడు అన్నం ముద్ద కలుపుతూ, బావతోని కయ్యం ఎందుకమ్మా, అప్పుడు చూద్దాం అన్నాడు. వాడి "అప్పుడు చూద్దాం" ఎప్పటికీ రాదు. కోడలు తల ఎత్తలేదు. ఒకవైపు అన్న, ఒకవైపు బిడ్డ. సరే, నేనే మేనల్లుణ్ణి పిలిపించాను. పిల్లలిద్దరికీ నెత్తురు పరీక్ష చేయించి అప్పుడు మాట మాట్లాడుదాం అన్నాను.

వాడు నవ్వాడు. "అత్తా, నీకేమన్న ఎర్రి లేసిందా? మీ ఇంటిపేరేంది, మా ఇంటిపేరేంది? గోత్రం వేరు. నెత్తురు ఎట్ల ఒక్కటైతది?"

మా వాళ్లందరి నమ్మకం ఇదే. ఇంటిపేరు కలిస్తే అన్నాచెల్లెళ్లు, నెత్తురు ఒకటి. ఇంటిపేరు వేరైతే నెత్తురు వేరు, నిశ్చింతగా పెళ్లి చేసుకోవచ్చు. అన్న పిల్లలూ చెల్లెలి పిల్లలూ ఒక్క అవ్వ ఒళ్లో పెరిగినా, చెల్లెలు అత్తింటికి పోయి పేరు మారింది కాబట్టి వాళ్లు పరాయివాళ్లు. ఇంటిపేరు తండ్రి దగ్గర నుంచే వస్తుంది. నెత్తురు కూడా అలాగే తండ్రి దగ్గర నుంచే వస్తుందని మా వాళ్లు లెక్క వేసుకున్నారు. ఎవరు ఎప్పుడు వేశారో తెలియదు. నేనూ ఆ లెక్క మీదే ఇంత కాలం బతికాను. ఆ రోజు వాడికి చెప్పాలని చూశాను. వాడు వినలేదు. చాయ తాగి, గ్లాసు బోర్లించి, దసరాకు వస్తానని లేచాడు.

పెద్దవాళ్లు వినరని నాకు అప్పుడు నిశ్చయమైంది. పెద్దవాళ్ల మనసు కదపడం కంటే పిల్లల చెవులు తెరవడం తేలిక అనుకున్నాను. పెళ్లి జరిగేది వాళ్లకే కదా, తెలియాల్సింది వాళ్లకే.

ఆదివారం మధ్యాహ్నం మా వాడలో పిల్లలు మా అరుగు మీదికి చేరతారు. అక్కడ నీడ ఉంటుంది. తల్లులు ఇళ్లల్లో బీడీలు చుడుతూ ఉంటారు కాబట్టి పిల్లలు కంటికి కనిపించే చోట ఉంటే వాళ్లకీ నిశ్చింత. నేను ఊరికే కూర్చోనివ్వను. చదవని వాళ్లు బీడీ ఆకులైనా కత్తిరించాలి, అదీ లేకపోతే నోరు మూసుకుని కూర్చోవాలి. నా దగ్గర సంచీ నిండా దారపు ముక్కలు ఉన్నాయి. కండెల మీద మిగిలిన కొసలు కార్ఖానాలో పారేస్తుంటే నా కొడుకు తెచ్చి పెడతాడు. వాటితో నేను గోనెలు కుట్టుకుంటాను, పందిరి కట్టుకుంటాను, మూటలు కట్టుకుంటాను. పనికిరానిదని నా ఇంట్లో ఏదీ ఉండదు. మంచి దారం ఒక మూకుడులో, తేమకు చెడిపోయిన దారం ఇంకో మూకుడులో వేశాను.

"లాగుండ్రి" అన్నాను.

రెండు మంచి పోగులు పేని ఇచ్చాను. లాగారు, తెగలేదు. ఒక మంచిది ఒక చెడ్డది పేని ఇచ్చాను. తెగలేదు. రెండు చెడ్డవి పేని ఇచ్చాను. చిన్నవాళ్లు కూడా టక్కున తెంపేశారు, తెంపి సంబరపడ్డారు. అమ్మకు ఒక మంచిది ఒక చెడ్డది, నాయనకు ఒక మంచిది ఒక చెడ్డది ఉంటే, ఇద్దరూ గట్టిగానే ఉంటారు, బయటికి తెలియదు, బిడ్డకు ఏది వస్తుందో చూద్దాం అన్నాను. రెండు చిన్న సంచులు పెట్టి, ఒక్కోదానిలో ఒక మంచి పోగు, ఒక చెడ్డ పోగు వేశాను. కళ్లు మూసుకుని అమ్మ సంచి నుంచి ఒకటి, నాయన సంచి నుంచి ఒకటి తీయాలి. పేనాలి. లాగాలి. తెగితే అలాంటివే, తెగకపోతే అవే, మళ్లీ సంచుల్లో వేయాలి.

ఎదురింటి పిల్ల ఒకతి ఉంది, నోరు చాలా పెద్దది. ఒకసారి రెండు చెడ్డ పోగులు వచ్చాయి, ఇక వచ్చే బిడ్డలకు రావు కదా అంది. వాళ్ల అమ్మ అలా అన్నదట, ఒక బిడ్డ మీద పడిపోయింది, ఇక తక్కినవాళ్లకు గండం గడిచింది అని. తీసి చూడు అన్నాను. తీసింది. మళ్లీ రెండూ చెడ్డవే వచ్చాయి. ఆ మధ్యాహ్నమంతా తీస్తూనే ఉన్నారు. ఒకరికి వరసగా మంచివే వచ్చాయి, వాడు గెలిచానని ఎగిరాడు. నువ్వు గెలిచిందేమీ లేదు, సంచికి నీ మొహం తెలియదు అని కూర్చోబెట్టాను.

నా చిన్న మనవరాలు అప్పటిదాకా ఒక మూల కూర్చుని చూస్తోంది. లేచి వచ్చింది. తెగిన దారాలు రెండు చేతిలోకి తీసుకుంది.

"నానమ్మా, నేను కుళ్లిన దారమా?"

పిల్లలంతా ఆగిపోయారు. దాన్ని దగ్గరికి లాక్కున్నాను. 

"కాదు. నీలో వేలకు వేల పోగులున్నయి. నెత్తురు చేసే పోగొక్కటి సన్నగున్నది. కండ్లు మంచియి, కాళ్లు మంచియి. నోరైతే ఇంకింత గట్టిది."

"మరి చెడ్డదని ఎందుకన్నవు?"

తప్పు మాటే. ఆ రోజు నుంచి మా అరుగు మీద చెడ్డ పోగు అనే మాట లేదు, సన్న పోగు అనాలి. ఎవరైనా పాత మాట అంటే చిన్నదే వెళ్లి వీపు మీద ఒకటి వేసేది. ఇంకో పిల్లవాడు, దాని గ్లాసుతో నీళ్లు తాగితే అంటుకుంటుందా అని అడిగాడు. వాళ్ల ఇంట్లో అలా చెప్పి పంపారు. నేను దాని గ్లాసు తీసుకుని నీళ్లు తాగి, వాడి చేతికిచ్చాను. వాడు భయం భయంగా తాగాడు. మరుసటి ఆదివారం వాడే అందరికంటే ముందు వచ్చాడు.

ఆ తరువాతి ఆదివారాల్లో ఇంటిపేర్ల సంగతి చెప్పాను. పసుపులో ముంచిన సన్న పోగు ఒకటి తీసుకున్నాను. ఇది మా అమ్మలో ఉందనుకోండి అన్నాను. మా అమ్మకు మా అన్న, నేను. ఇద్దరికీ ఈ పసుపు పోగు ఒక్కొక్కటి వచ్చింది. మా అన్న కూతురికి పోయింది, ఆ పిల్లకు పుట్టింటి పేరు. నేను పెళ్లి చేసుకుని వేరే ఇంటిపేరు వాళ్ల ఇంటికి వచ్చాను, నా కొడుక్కి ఇది పోయింది, వాడిది వాళ్ల నాయన ఇంటిపేరు. వాళ్లిద్దరికీ పెళ్లయింది. అని రెండు పసుపు పోగులూ తెచ్చి పేని, చిన్నదాని చేతిలో పెట్టాను. రెండు ఇంటిపేర్ల వైపు నుంచి నడిచి వచ్చి, ఒకే అవ్వ దారం మళ్లీ ఒక్కచోట కలిసింది. ఏ ఇంటిపేరు గడపా దాన్ని ఆపలేదు. పెద్ద పిల్లలకు అర్థమైంది. వాళ్ల మొహాల్లోనే తెలిసింది, ఎవరి ఇంట్లో ఎవరు ఎవరికి వరసో వాళ్లు అప్పుడే లెక్క వేసుకుంటున్నారు.

అనుకోండి అని చెబితే చాలదని నాకు అనిపించింది. నిజంగా నాలో ఉందో లేదో చూసుకోవాలి. చిన్నదాన్ని దవాఖానాకు తీసుకుపోయిన రోజు నా చెయ్యి కూడా చాపాను. ఈ వయసులో మీకు ఎందుకు అజ్జీ అని వాళ్లే అన్నారు. పిల్లలకు చెప్పాలి అన్నాను. నల్లా దగ్గర ఈ సంగతి తెలిసి ఆడవాళ్లు నవ్వారు. ఎదురింటి ఆమె బిందె కింద పెట్టి మరీ అడిగింది.

"ఏందమ్మా, ముసల్తనంల సంబంధం చూస్తున్నరా? నెత్తురు పరీక్ష చేపిచ్చుకున్నవట."

"దొరికితే నువ్వే చెప్పు" అన్నాను. "ముందు వాని నెత్తురు చూపించుమను."

ఫలితం వచ్చింది. నాలో ఉంది. అదే నల్లా దగ్గర, అందరికీ వినబడేలా చెప్పాను. నాకు సిగ్గు ఎందుకు? నేను దొంగతనం చేయలేదు, కోరి తెచ్చుకోలేదు. నా తల్లో తండ్రో ఇచ్చారు, వాళ్లకూ తెలియదు. తెలియని కాలంలో జరిగినదాన్ని నేను తప్పని ఒప్పుకోను. తెలిసిన తరువాత నోరు మూసుకుంటే అది తప్పు.

అప్పుడు వాడకు కోపం వచ్చింది. నవ్వినంతసేపు నవ్వారు గానీ, నిజంగా ఉందనేసరికి భయపడ్డారు. కొందరు పిల్లల్ని పంపడం మానేశారు. వాడలో పెద్దమనిషి ఒకాయన వచ్చి అరుగు ముందు నిలబడి, మీ ఇంటి సంగతి మీ ఇంట్లో పెట్టుకో, మరాఠీ వాళ్లకు తెలిస్తే తెలుగువాళ్ల నెత్తురే చెడ్డదంటారు, మన ఆడపిల్లలకు సంబంధాలు రావు అన్నాడు. మరాఠీ వాళ్ల పిల్లలు కూడా ఆ దవాఖానా మంచాల మీద మా చిన్నదాని పక్కనే పడుకుంటారు, పోయి చూసి రండి అన్నాను. ఆడపిల్లల సంబంధాల మీద అంత బెంగ ఉంటే, వాళ్లకు పుట్టబోయే బిడ్డల మీద కూడా కొంచెం పెట్టుకోండి అన్నాను. ఆయన వెళ్లిపోయాడు. ఆ తరువాతి ఆదివారం అరుగు మీద పిల్లలు తక్కువే ఉన్నారు. నేను ఉన్నవాళ్లకే చెప్పాను.

పెద్ద మనవరాలి పరీక్ష కూడా అయింది. దానిలోనూ ఒక సన్న పోగు ఉంది.  సాయంత్రం నా పక్కన కూర్చుని ఆకులు కత్తిరిస్తూ, కత్తెర ఆపి అడిగింది.

"అంటే నేను పెండ్లి చేసుకోవద్దా నానమ్మా?"

"ఎందుకు చేసుకోవద్దు? వాని నెత్తురు చూసి చేసుకో. వానిల కూడ ఉంటే ఇంకొకన్ని చూసుకో. లేకుంటే అసలే చేసుకోకు, అది నీ ఇష్టం."

మళ్లీ కత్తెర ఆడింది.

ఇంతలో నేను అనుకోనిది ఒకటి జరిగింది. నా మేనల్లుడి కొడుకు, ఆ తొట్లె ఊపినవాడు, ఒక ఆదివారం సైకిలు మీద వచ్చాడు. పదకొండో తరగతి చదువుతున్నాడు, మీసాలు వస్తున్నాయి. చిన్నపిల్లల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చుని మొత్తం విన్నాడు. తన వంతు వచ్చినప్పుడు దారం తీశాడు, పేనాడు, లాగాడు. అంతా అయ్యాక వాళ్ల మేనత్తను, అంటే నా కోడలిని, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగాడు. నా కోడలు నా వైపు చూడలేదు. నా కొడుకునూ అడగలేదు. తరువాతి సారి చిన్నదాన్ని తీసుకుపోయేటప్పుడు వాణ్ణి వెంట తీసుకుపోయింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె సొంతంగా చేసిన మొదటి పని అదే అనుకుంటాను.

వాడిలో లేదు.

కాగితం చూసి నా ప్రాణం తేలికపడాలి. పడలేదు. ఆ పెళ్లి మాటకు అడ్డంగా నేను ఇంత కాలం ఏ కొయ్యను పట్టుకుని నిలబడ్డానో ఆ కొయ్య ఊడిపోయింది.

దసరా నాడు నా మేనల్లుడు భార్యను, ఇద్దరు పెద్దమనుషులను, కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. మొహంలో ఎన్నడూ లేని వెలుగు. కొడుకు నోటి నుంచే ఫలితం తెలిసింది వాడికి. పరీక్షకు ఎవరు రమ్మన్నారని కోప్పడాల్సినవాడు, ఆ మాటే ఎత్తలేదు. చాప మీద కూర్చున్నాడు. జమ్మి ఆకులు రుమాలులో ఉన్నాయి.

"అత్తా, నీ పోగుల లెక్కనే అడుగుతున్న. మా వానిల లేదు. ఇద్దరికి పెండ్లయితే పిల్లలకు ఆ జబ్బు వస్తదా?"

నా కొడుకు నా వైపు చూశాడు. తలుపు దగ్గర వాడ పిల్లలు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు, పండక్కి జమ్మి ఆకులు పంచడానికి వచ్చినవాళ్లు. వాళ్లందరికీ జవాబు తెలుసు. నేను అబద్ధమాడితే నా ఆదివారాలన్నీ అబద్ధమవుతాయి.

"రాదు" అన్నాను.

"సన్న పోగు రావచ్చు మామా" అంది నా పెద్ద మనవరాలు. వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "జబ్బు రాదు."

"అంతే గదా" అని నా మేనల్లుడు రుమాలు విప్పాడు. ఆకు తీశాడు. నా కొడుకు చెయ్యి ముందుకు వచ్చింది. వాణ్ణి నేను తప్పు పట్టను, పెద్దల ముందు ఆకు చాపితే చెయ్యి దానంతట అదే వస్తుంది, మా మగవాళ్లకు అది చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు.

"నాయనా ఆగు" అంది పిల్ల. గుమ్మం దాటి ముందుకు వచ్చింది. "మామా, జబ్బు రాదని చెప్పిన. చేసుకుంట అని చెప్పలే. నాకు పద్దెనిమిది దాటనియ్యి. చదువుకోనియ్యి. అప్పుడు అడగాలనిపిస్తే నన్ను అడుగు. నాయనను అడగకు."

పెద్దమనుషుల్లో ఒకాయన పళ్ల మధ్య నుంచి గాలి పీల్చాడు. మేనల్లుడు కొడుకు వైపు తిరిగాడు, నువ్వు చెప్పరా అన్నట్టు. వాడు నేల చూస్తూ, నాకూ ఇప్పుడొద్దు నాయనా, నన్ను కూడా ఎన్నడూ ఎవరూ అడగలేదు అన్నాడు.

వెలుగంతా పోయి నా మేనల్లుడి మొహం నల్లబడింది. పిల్లల మీద అరవలేదు, నా మీదికే తిరిగాడు.

"ఇదంత నువ్వు నేర్పిందే అత్తా. నెత్తురు నెత్తురని పిల్లల్ని చెడగొడితివి. ఇప్పుడు నెత్తురు మంచిగున్నదంటే ఇంకో సాకా?"

"నెత్తురు పరీక్షంటే పెండ్లికి ఒప్పుకున్నట్టు కాదు" అన్నాను. "చేసుకుంటే ఏమైతదో చెప్తది. చేసుకోవాల్నో వద్దో అది చెప్పదు. నేను నేర్పింది చూసుకొమ్మని. చూసుకునుడు మొదలుపెట్టినంక ఒక్కదాని దగ్గర ఆగుతరా? ఆగరు. ఆగొద్దు. నేనైతే ఆగుమని చెప్ప."

వాడు లేచాడు. ఆకులు రుమాలులో మళ్లీ మూట కట్టాడు. తొట్లె నాటి మాటను తీసేశారని, ఈ రోజుతో నాకూ నా కోడలికీ ఆ ఇంటి గడప లేదని, చీర, గాజులు, పిలుపు, అన్నీ బంద్ అని అన్నాడు. నేను జవాబు చెప్పబోయాను. నా కంటే ముందు నా కోడలు లేచింది. ఇన్నేళ్లలో అన్న ముందు ఆమె గొంతెత్తడం నేను చూడలేదు, ఆ రోజూ ఎత్తలేదు. మెల్లగానే చెప్పింది.

"చిన్నదానికి నెత్తురు ఎక్కించేటప్పుడు ఒక్కనాడన్న వచ్చినవా అన్నా? పెద్దదాని కొరకు మాత్రం ఇద్దరు పెద్దమనుషులను తీసుకొని వస్తివి. నీ గడప నీకే ఉండనియ్యి."

వాళ్లు వెళ్లిపోయారు. పిల్లవాడు చివరగా వెళ్తూ చిన్నదాని నెత్తి మీద చెయ్యి వేసి వెళ్లాడు. నా కొడుకు చాప చుట్టి గోడకు ఆనించాడు. మరుసటి వారం ఆ సాంచలు వదిలి, జోడ్‌భావి పేటలో ఇంకొకరి కార్ఖానాలో చేరాడు. ఎవరూ తీసేయలేదు, వాడే వదిలాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే అప్పుడు చూద్దాం అంటాడేమోనని.

పుట్టిల్లు పోయిందంటే మాటలు కాదు. నాకు ఈ వయసులో పోయింది, నా కోడలికి ఆ వయసులో పోయింది, ఇద్దరికీ ఒకే ఇల్లు, ఒకే రోజు. నా మేనల్లుడిని నేను ఎత్తుకుని పెంచాను. వాడి మీద నాకు ప్రేమ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. కానీ ప్రేమ ఉందని పిల్లను తీసి ఇవ్వను. వాడిలో సన్న పోగు ఉందో లేదో ఇప్పటికీ చూపించుకోలేదు. మళ్లీ కబురు చేస్తాను, చూపించుకో, నీకు కూతురు కూడా ఉంది అని. వినకపోతే మళ్లీ చేస్తాను.

దీపావళి వెళ్లాక అన్నలు చెల్లెళ్ల ఇళ్లకు వచ్చే రోజు వచ్చింది. సోలాపూరులో మేం దాన్ని మరాఠీ వాళ్లలాగే భావుబీజ్ అంటాం. మా ఇంటికి ఎవరూ రారని అందరికీ తెలుసు. అయినా నా కోడలు పొద్దున్నే తల స్నానం చేసి, పీట వేసి, పళ్లెంలో కుంకుమ, అక్షింతలు, తమలపాకు పెట్టింది. దీపం వెలిగించి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. పక్కింటి వాళ్ల అన్నలు వచ్చారు, తిన్నారు, వెళ్లారు. దీపంలో నూనె అయిపోతే ఆమె మళ్లీ పోసింది.

నాకు చూడబుద్ధి కాలేదు. రాని వాళ్ల కోసం నూనె కాల్చుకుంటారా, ఆర్పు అన్నాను.

"ఈ ఒక్క దీపానికి నువ్వు మాట్లాడకు అత్తా" అంది.

నా ఇంట్లో నాతో అలా అన్నవాళ్లు లేరు. నూనె గిన్నె ఆమె వైపు జరిపాను.

తరువాత ఆమె పెద్దదాన్ని పిలిచింది. అన్న కూర్చోవాల్సిన పీట మీద కూర్చోబెట్టింది. చిన్నది పోటీకి వచ్చి దాని పక్కనే ఇరుక్కుని కూర్చుంది. ఇద్దరికీ బొట్టు పెట్టి, ఆ దీపంతోనే హారతి ఇచ్చింది.

"ఎవరన్న నీ తరఫున మాటిస్తా అంటే, నువ్వు దసరా నాడు పడ్డట్టే అడ్డం పడు" అంది పెద్దదానితో.

అలాగేనంది అది.